ప్రభాతవాణి – పల్లె వినికిడి, పల్లె పలుకు

పురాణములు చదివినవారికి ఆకాశవాణి క్రొత్త మాట కాదు. దేవకీవసుదేవులను రథముపై కూర్చుండబెట్టి కంసుడు స్వయముగా తోలుచుండగా మింటినుండి యొక పలుకు వినవచ్చెను. దుష్యంతుని కొలువులో శకుంతల దిక్కులేక నిలిచినపుడు, ఆమె మాట నిజమని చాటినదియు అట్టి యశరీరవాణియే. ఒకచోట నది భయము గొల్పినది. మరియొకచోట న్యాయము నిలిపినది. రెండుచోట్లను లక్షణ మొక్కటియే. వాణి పలుకును, నరుడు వినును. విన్నవాడు తిరిగి పలుకుటకు త్రోవ లేదు.

భారతదేశమున రేడియోకు ఆకాశవాణి యను పేరే కుదిరినది. మైసూరులో 1935లో ఎం.వి. గోపాలస్వామి గారు నెలకొల్పిన ప్రసారకేంద్రమునకు ఆ పేరుండెను. తరువాత అది అఖిలభారత రేడియోకంతటికిని చెల్లినది. పేరు చక్కనిదే కాక, సార్థకమైనది కూడ. చిరకాలము రేడియో పల్లెతో పలికినది. పల్లె రేడియోలో పలికినది బహు స్వల్పము. ప్రొద్దుటిపూట రేడియో కోనసీమకు తెచ్చిన దేమి, కోనసీమనుండి స్వీకరించిన దేమి, స్వీకరింపక విడిచిన దేమి యని జమాఖర్చు చూచుటయే యీ వ్యాసమున కుద్దేశము.

చెన్నపట్టణమునుండి బెజవాడకు

దక్షిణదేశమున రేడియో చెన్నపట్టణమున పుట్టినది. సి.వి. కృష్ణస్వామి చెట్టి గారి పూనికతో 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, ఆ యేడు జూలై 31న ప్రసారముల నారంభించెను. అది సర్కారు పెట్టిన సంస్థ కాదు. అభిరుచి గలవారు సభ్యులుగా చేరి నడపుకొన్న సంఘము. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది. రేడియో యనగానే ప్రభుత్వపు సొత్తని తరువాతి తరములు తలచినను, దాని మొదటి పుట్టుక యొక పఠనమందిరము వంటి సంఘమునందే జరిగినది. ధనము చాలక 1927లో ఆ క్లబ్బు మూతపడెను. దాని ప్రసారయంత్రము మద్రాసు నగరపాలక సంస్థకు చేరగా, 1930 ఏప్రిల్ 1 నుండి ఆ సంస్థయే ప్రసారములు సాగించెను. సముద్రపు టొడ్డునను పార్కులందును ధ్వనివర్ధకములు కట్టి జనులకు సంగీతము వినిపించిరి. సొంత పెట్టె లేనివాడును రేడియో వినవచ్చునన్న పద్ధతి యట్లు మొదలయ్యెను.

ప్రభుత్వ ప్రసారశాఖకు 1936లో అఖిలభారత రేడియో యను పేరు వచ్చెను. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము తెరవబడి తమిళముతోపాటు తెలుగునకును కొంత కాలము కేటాయించెను. తెలుగు కవులు, గాయకులు, నాటకకర్తలు రేడియో విద్యను నేర్చినది అచ్చటనే. నిడదవోలులో 1920లో జన్మించిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో ఆ కేంద్రమున చేరిరి. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యోదయవేళ ఆయన కూర్చిన గీతమును టంగుటూరి సూర్యకుమారి మద్రాసు కేంద్రమున గానము చేసెను. ఒక జాతి మేలుకొన్న దినమున తెలుగు రేడియో పాటతో మేలుకొనెను.

అయినను చెన్నపట్టణము దూరము. తెలుగు కార్యక్రమమునకు చిక్కిన కాలము కొలది. తెలుగువారికి తమ గడ్డపై కేంద్రము కావలెనన్న కోరిక 1948 డిసెంబరు 1న తీరినది. ఆనాడు విజయవాడ కేంద్రము ప్రారంభమయ్యెను. హైదరాబాదులో నిజాము ప్రభుత్వము నడపిన దక్కను రేడియోను 1950లో అఖిలభారత రేడియో స్వీకరించెను. 1963లో కడప, విశాఖపట్టణ కేంద్రములు వెలసెను. గోదావరిపాయల నడుమనున్న కోనసీమకు మాత్రము ఆకాశవాణి యనగా బెజవాడయే.

ప్రొద్దుటి యామము

రేడియో రాకముందును పల్లెకు ప్రభాతశబ్దములు లేకపోలేదు. కోడి కూత, గుడిగంట, హరిదాసు చిడతలు, కవ్వపు సడి, కాలువపై పడవవాని కేక – ఇవియే నాటి సమయసూచికలు. ఈ శబ్దములు ఒక యూరివి మరియొక యూరికి వినబడవు. రేడియో వచ్చిన తరువాత తాటిపాకలో విన్న ప్రభాతశబ్దమే తణుకులోను తెనాలిలోను అదే క్షణమున వినబడెను. తెలుగుదేశమున కంతటికి ఒకే ప్రొద్దుపొడుపు కలిగినది.

ఆ ప్రొద్దుపొడుపునకు ముందు వినవచ్చు తంబుర శ్రుతితోడి సంకేతరాగము సర్వజనపరిచితము. దానిని 1936లో కూర్చినవాడు వాల్టర్ కాఫ్‌మన్ అను యూదుజాతి సంగీతవిద్వాంసుడు. స్వదేశమగు చెకోస్లోవేకియాను విడిచి బొంబాయి చేరి యచ్చటి రేడియో కేంద్రమున పాశ్చాత్యసంగీతమునకు పెద్దగా నుండెను. ఆ బాణీలో శివరంజని ఛాయ కలదని సంగీతజ్ఞు లందురు. పరదేశమున తలదాచుకొన్నవాడు పట్టిన శ్రుతి కోట్లకొలది భారతీయుల గడపలకు ఉదయశ్రుతి యైనది.

తరువాత వందేమాతరము, ఆపైని భక్తిరంజని. ఈ భక్తిరంజని రజనీకాంతరావు గారి ప్రతిభకు శాశ్వతమైన గురుతు. అన్నమయ్య, రామదాసు, త్యాగయ్యలతోపాటు తత్త్వములను, అష్టకములను, ఇండ్లలో స్త్రీలు పాడుకొను మేలుకొలుపులను ఆయన ప్రసారమునకు తెచ్చెను. ఆయన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. గ్రంథమున వ్రాసిన చరిత్రనే ఆయన ప్రతిదినము ప్రొద్దున గొంతులతో వినిపించెననుట యతిశయోక్తి కాదు. పండితుడు చదువవలసినదానిని పాలేరును విని నేర్చెను.

ఏడు గంటల ప్రాంతమున వార్తలు. ఢిల్లీనుండి తెలుగువార్తలు, విజయవాడనుండి ప్రాంతీయవార్తలు, 1974 జూన్ 30 నుండి సంస్కృతవార్తలు. అర్థము తెలియకున్నను సంస్కృతవార్తల మొదటి వాక్యమును అప్పగించిన బాలురు తెలుగునాట నెందరో కలరు.

ఆ తొలినాళ్లలో రేడియో ఖరీదైన వస్తువు. కొనుటతో తీరలేదు, తపాలా కచేరీలో ఏటేటా రుసుము కట్టి లైసెన్సు పొందవలసి యుండెను. 1980 దశకమున ఆ లైసెన్సు రద్దయినది. కావుననే పంచాయతీ కచేరీలందును గ్రంథాలయములందును సర్వజనులకై రేడియో నుంచు పద్ధతి వ్యాపించెను. కచేరీ పైకప్పున కట్టిన బాకాలనుండి ప్రొద్దుట భక్తిగీతము, సంధ్యవేళ వ్యవసాయదారుల కార్యక్రమము ఊరంతకు వినబడెడివి. అక్షరము రానివాడు గ్రంథాలయపు గడప తొక్కుటకు రేడియో యొక కారణమైనది. పత్రిక చదువగలవాడు చదివి వినిపించుట, రేడియో చెప్పిన వార్తను పత్రికతో సరిచూచుట, రెంటిని గూర్చి వాదించుట – ఇవన్నియు నొకే యరుగుపై జరిగినవి.

కోనసీమ గొంతులు

రేడియో కోనసీమకు తెచ్చిన దానిని చెప్పితిమి. కోనసీమ రేడియో కిచ్చినదియు అల్పము కాదు.

రాజోలు తాలూకా శంకరగుప్తమున 1930 జూలై 6న మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు జన్మించిరి. రాజోలులో 1928లో వోలేటి వేంకటేశ్వర్లు గారు జన్మించిరి. తాటిపాకకు పొరుగూళ్లని చెప్పదగిన యీ రెండుచోట్ల, రెండేండ్ల యెడముతో పుట్టిన యిద్దరును విజయవాడ కేంద్రమున సంగీతమునకు మూలస్తంభములైరి. బాలమురళీకృష్ణ గారి గొంతున తత్త్వములు విద్వత్సభల గౌరవమును పొందినవి. శ్రీపాద పినాకపాణి గారి శిష్యులైన వోలేటి వారు రేడియోలో సంగీతశిక్షణ నడపిరి. గురువు బెజవాడలోను శిష్యులు తమ తమ ఇండ్లలోను కూర్చుండి నేర్చిన గురుకులమది. గురుదక్షిణ యిచ్చుకొనలేని బీదయింటి బాలికయు పలకపై స్వరములు వ్రాసికొని నేర్చుటకు వీలయ్యెను.

సూర్యునికి పాడు మేలుకొలుపు పాట యొకటి తెలుగిండ్లలో తరతరములుగా కలదు. ప్రొద్దు పొడుచునప్పటినుండి క్రుంకు వరకు సూర్యుని వన్నెలను పూలతో పోల్చి చెప్పునది. భక్తిరంజనిలో బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం గారలు పాడగా అది తెలుగుదేశపు పాట యైనది. వాకిట ముగ్గు వేయుచు ముత్తవ్వ పాడుకొన్నదే మింటికెక్కి తిరిగి యదే వాకిటికి దిగివచ్చినది. రేడియో పల్లెను విన్నపు డెంత మేలు కలిగెనో ఈ యొక్క పాటయే చెప్పును.

పల్లెపాటలను కాగితముపై నిలిపినవారును కలరు. గోదావరీమండలమున ఊరూర తిరిగి ‘మిన్నేరు’ మున్నగు సంపుటములను కూర్చిన నేదునూరి గంగాధరము గారి శ్రమ మరువరానిది. కాని కాగితము మాటను కాపాడును, వరుసను కాపాడలేదు. నాట్లపాటను అచ్చున చదివినవానికి దాని ఒరవడి తెలియదు. వంగిన నడుమును మరపించు ఆ లయ గొంతునందే కలదు. దానిని నిలుపగలది ధ్వనియంత్రము.

గుమ్మమువద్ద ఆగినవి

స్వీకరింపక విడిచిన వానిని గూర్చియు చెప్పవలెను. ఇది నింద కాదు. ఒక పెద్ద కేంద్రము పది జిల్లాలకు పలుకునపుడు ఒక్కొక్క యూరి సంగతి దానికి పట్టదు; పట్టుట సాధ్యమును కాదు.

ఒక యుదాహరణము. పల్లెల పద్యనాటకమునకు హార్మోనియము ప్రాణము. నటుడు రాగము నెత్తుకొనుటకు, ఊపిరి నిలుపుకొనుటకు అది తోడు. మన స్వరముల సూక్ష్మత దానికి లేదని యెంచి అఖిలభారత రేడియో 1940లో హార్మోనియమును బహిష్కరించెను. 1971 వరకును ఆ నిషేధము సడలలేదు. పండితుల వాదమున న్యాయముండవచ్చును. కాని ఆ ముప్పదియేండ్లును రేడియో గుమ్మము నెక్కదలచిన పల్లెకళాకారుడు తన పెట్టెను బయట దించి లోపలికి పోవలసి వచ్చెను.

రెండవది రాజకీయము. రేడియో ప్రభుత్వశాఖగా నుండినంతకాలము పాలకుల మాటకే దానిలో పెద్దపీట. లోకసభ యెన్నికల సందర్భమున రాజకీయపక్షములకు రేడియోలో మాటలాడు అవకాశము మొదట లభించినది 1977లోనే. 1990లో చేసిన ప్రసారభారతి చట్టము అమలులోనికి వచ్చినది 1997లో. ఢిల్లీ రాజకీయమే యింత కష్టముతో రేడియో కెక్కగా, ఊరిచెరువు రాజకీయము, కాలువగట్టు రాజకీయము, రేవుపాట రాజకీయము ఎక్కుట యెట్లు?

బుర్రకథ చెప్పు పాఠము

ఇచ్చట తెలుగువారి సొంత కళ యొకదానిని స్మరింపవలెను. బుర్రకథలో మువ్వురుందురు. నడుమ తంబుర మీటుచు, వ్రేళ్ల అందెలు మ్రోగించుచు చిందు త్రొక్కువాడు కథకుడు. ఇరుప్రక్కల డక్కీలతో ఇద్దరు వంతలు. వారిలో నొకడు హాస్యము చెప్పును. రెండవవాడు రాజకీయము చెప్పును. కథ పల్నాటిదైనను బొబ్బిలిదైనను, రాజకీయపు వంత నడుమ నాపి నాటి ధరల సంగతి, పన్నుల సంగతి, ఊరిపెద్దల నడవడి కథలో కలిపి యడుగును. షేక్ నాజరు గారు ఈ కళను మహోన్నతస్థితికి తెచ్చిరి. ఆయనకు 1986లో పద్మశ్రీ లభించినది.

సంగీతము, కళ, రాజకీయము – ఈ మూడును ఒకే వేదికపై, ఒకే గంటలో, ఒకే ఊరివారి యెదుట నిలుచు పద్ధతి తెలుగుపల్లెకు క్రొత్త కాదని దీనివలన తెలియును. రేడియో ఆ మూటిని విడదీసినది. సంగీతము బెజవాడనుండి, వార్త ఢిల్లీనుండి, హాస్యనాటిక వేరొక దినమున. ప్రతిదియు మేలైనదే. కాని మూడును కలిసినపుడు పుట్టు ఊరిమాట మాత్రము లేకపోయెను. పాట వినుటకు వచ్చినవాడు పన్నుసంగతి విని పోవుట, నవ్వుచు నవ్వుచు తన తప్పు తెలిసికొనుట – ఇది బుర్రకథ యొక్క గుణము. స్థానిక ప్రభాతప్రసారము చేయదగిన పనియు సరిగా ఇదియే.

వినువానిచేత పలికింపవలెనన్న యత్నము ప్రభుత్వమువారును చేయకపోలేదు. కెనడా దేశమున 1941లో రైతుల రేడియో సభలు మొదలయ్యెను. చదువుము, వినుము, చర్చింపుము, ఆచరింపుము – ఈ నాలుగే వారి సూత్రము. దానిని చూచి 1956లో యునెస్కో తోడ్పాటుతో పూనా ప్రాంతమున 150 గ్రామములలో శ్రోతలసభల నేర్పరచి ప్రయోగము చేసిరి. రైతులు కూడి విని, చర్చించి, సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపెడివారు. 1959లో ఈ పద్ధతిని దేశమంతట విస్తరించిరి. తంజావూరు సీమలో 1960ల నడుమ రేడియో ద్వారా ప్రచారమైన క్రొత్త వరివంగడమును రైతులు రేడియోవరి యనియే పిలిచిరి. అయినను కెనడా సూత్రమున మొదటి మాట ‘చదువుము’ అనుట గ్రంథాలయాభిమానులు గమనింపదగినది. చదువు లేని వినికిడి చర్చకు చాలదు.

మంటల నడుమ ఒక తీర్పు

ఊరికి సొంత గొంతుండుట వేడుక మాత్రమే కాదనుటకు కోనసీమలోనే నిదర్శనములు కలవు.

1995 జనవరి 8న పాశర్లపూడిలో సహజవాయువుకై త్రవ్వుచున్న బావి బ్రద్దలై మంట లెగసెను. రెండు నెలలకు పైగా మండి ఆ యగ్ని మార్చి 15న అదుపునకు వచ్చెను. పరిసరగ్రామములవారు ఇండ్లు వాకిండ్లు విడిచి పోవలసి వచ్చెను. ఆ వార్త లోకమెల్ల ప్రాకినది. కాని ఊరివారికి కావలసిన వార్త వేరు. ఈ రాత్రి యే వీధివారు కదలవలెను? పశువుల నెచట కట్టవలెను? బడి యెపుడు తెరచెదరు? మంచినీ రెచట దొరకును? ఇట్టి ప్రశ్నలకు గడియగడియకు బదులు చెప్పుట దూరమునందలి కేంద్రమునకు సాధ్యము కాదు, ప్రక్కనున్నవానికే సాధ్యము.

ఆ మంట యింకను మండుచుండగనే, 1995 ఫిబ్రవరి 9న, ఢిల్లీలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. వ్యాజ్యము క్రికెట్టు పందెముల ప్రసారమును గూర్చినది. వంగరాష్ట్ర క్రికెట్టు సంఘమునకును కేంద్రప్రభుత్వమునకును నడిచినది. కాని తీర్పు పందెములతో ఆగలేదు. ప్రసారతరంగములు ప్రజల సొత్తనియు, వానిని ప్రజాహితముకొరకు వినియోగింపవలెననియు న్యాయస్థానము నిర్ణయించెను. తీర్పు చెప్పిన మువ్వురిలో తెలుగువారగు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు నొకరు. కోనసీమ ఆకాశము మంటలతో ఎఱ్ఱబారిన దినములలోనే ఆకాశము ప్రజలదని తీర్పు వచ్చుట విధివిలాసము.

మరుసటియేడు 1996 నవంబరు 6న వచ్చిన పెనుతుపాను కోనసీమను ఊపివైచినది. వేయిమందికి పైగా మరణించిరి. కొబ్బరిచెట్లు లక్షలకొలది నేలకూలెను. విద్యుత్తు, తంత్రులు తెగినపుడు ఇంట పలుకగలది బ్యాటరీ రేడియో యొక్కటే. 2014 జూన్ 27న, ఇంకను తెల్లవారుచుండగా, తాటిపాక పొరుగుననున్న నగరం గ్రామమున వాయువుగొట్టము ప్రేలి యిరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఎవ రే యాసుపత్రిలో నున్నారు, ఎవరికి రక్తము కావలెను, ఏ దారి మూసిరి – ఆ ప్రొద్దున పరిసరగ్రామముల వారికి వీనిని మించిన వార్త లేదు.

మాచ్నూరు స్త్రీలు

తీర్పు వచ్చినంతనే త్రోవ తెరచుకొనలేదు. 2002లో విద్యాసంస్థలకు మాత్రము స్వల్పశక్తి రేడియో పెట్టుకొన అనుమతి నిచ్చిరి. 2004 ఫిబ్రవరి 1న మద్రాసు అన్నా విశ్వవిద్యాలయమున అట్టి కేంద్రము మొదట వెలసెను. 2006 నవంబరులో లాభాపేక్షలేని సంఘములకును ఆ యర్హత కలిగెను.

అంతకు చాలముందే తెలుగునేలపై ఒక పల్లె దీనికై కాచియుండెను. మెదకుసీమ జహీరాబాదు ప్రాంతమున దక్కను అభివృద్ధి సంఘపు స్త్రీలు, అధికసంఖ్యాకులు దళితులు, యునెస్కో సాయముతో 1998 నాటికే మాచ్నూరు గ్రామమున రేడియో కట్టడమును పరికరములను సిద్ధపరచుకొనిరి. అనుమతి లేదు. అయినను వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పాటలను, సేద్యపు ముచ్చటలను, విత్తనముల వివరములను టేపులపై నెక్కించి సంఘముల కూటములలో వినిపించుచు పదియేండ్లు గడపిరి. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారము మొదలయ్యెను. ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన గ్రామీణమహిళా దినమును లోకము మొదటిసారి పాటించినదియు నాడే.

ఆ రేడియోలో పలుకు తెలుగు బెజవాడ తెలుగు కాదు, పుస్తకపు తెలుగును కాదు. జొన్నచేనిలో మాటలాడు తెలుగే. కొఱ్ఱ, సామ, సజ్జల సాగు, ఇంటివైద్యము, పండుగపాటలు – తమ జీవితమే వారి కార్యక్రమము. వారు ఎంచుకొన్నది ప్రొద్దుటివేళ కాదు, సంధ్యవేళ. పగటిపని తీరిన స్త్రీకి చెవి యొగ్గు తీరిక అప్పుడే గదా! వేళను నిర్ణయించుటయందును ఊరి బ్రదుకే ప్రమాణమను పాఠము దీనియందున్నది.

లోకమున దీనికి తోడైన కథలు వేరును కలవు. కొలంబియా దేశమున సుతతెన్సా అను కొండపల్లెలో 1947లో ఒక క్రైస్తవపురోహితుడు రైతులకు చదువు చెప్పుటకై చిన్న రేడియో నారంభించెను. నేపాళమున 1997లో రేడియో సాగరమాత వెలసెను. ఎచట చూచినను మొదట శంక, తరువాత అనుమతి, ఆపైని అలవాటు – ఇదే క్రమము.

గ్రంథాలయము చేయదగినది

2006 నాటి నిబంధనలను పరిశీలించినచో గ్రామగ్రంథాలయము వంటి సంస్థను దృష్టియందుంచుకొని వ్రాసిరా యనిపించును. సంఘము లాభాపేక్ష లేనిదై యుండవలెను. కనీసము మూడేండ్లు సేవ చేసినదై యుండవలెను. ప్రసారశక్తి 100 వాట్లు. స్తంభపు టెత్తు 30 మీటర్లకు మించరాదు. కార్యక్రమములలో సగమైనను స్థానికముగా తయారైనవై యుండవలెను; అవి స్థానికభాషలో నుండుట మేలు. గంటకు 5 నిమిషముల ప్రకటనలకు నాడు వీలిచ్చిరి. ఆ పరిమితిని తరువాత పెంచిరి. ఇంత శక్తితో వాణి పది పదునైదు కిలోమీటర్లు పోవును. తాటిపాకలో పలికిన మాట రాజోలు, మామిడికుదురు, నగరం పరిసరములకు చేరుటకు అది చాలును. మూడేండ్ల సేవ యడిగినచోట ఇరువదియైదేండ్ల సేవ చూపగల గ్రంథాలయమున కర్హత యెంత!

ఒక్క ముడి మాత్రము మిగిలియున్నది. సొంతముగా వార్తలు, రాజకీయవ్యాఖ్యలు ప్రసారము చేయుటకు ఇట్టి రేడియోలకు అనుమతి లేదు. వాతావరణము, రాకపోకలు, పండుగలు, నీటి సరఫరా, ప్రకృతివైపరీత్యముల వంటి సమాచారమునకు అడ్డు లేదు. ఆకాశవాణి వార్తలను యథాతథముగా వినిపింపవచ్చును. 73వ రాజ్యాంగసవరణ 1993లో అమలైన నాటినుండి గ్రామసభలో పంచాయతీ లెక్క అడుగు హక్కు ప్రతి యోటరునకు కలదు. ఆ లెక్కనే మైకు ముందు చదువుట సమాచారమా, రాజకీయమా? ఈ గీటు బహు సన్ననిది. పద్దు ఉన్నదున్నట్లు చదువుట రాజకీయము కానేరదు. దానిని దాచుటయే రాజకీయము. బుర్రకథలో రాజకీయపు వంతను దింపివేసిన కథ ఒంటికాలి నడక యగును. ఈ లోపము చట్టమున తీరు దినము రావలెను.

అనుమతులు, యంత్రములు, ధనము – ఇవి సమకూరునందాక చేయవలసిన పని లేకపోలేదు. మాచ్నూరు స్త్రీలు పదియేండ్లు చేసినదే త్రోవ. నేడు ప్రతి యింట చేతిఫోనున ధ్వనిని పట్టు శక్తి కలదు. నాట్లపాట వచ్చిన చివరి ముదుసలి గొంతు, కొబ్బరి దింపువారి పదములు, జగ్గన్నతోట ప్రభలతీర్థమున ప్రభను మోయువారి కేకలు, అంతర్వేది తిరునాళ్ల సన్నాయి, 1996 తుపానును చూచినవారి నోటిమాట – వీనిని పట్టి, తేదీ వేసి, ఎవరు పలికిరో వ్రాసి గ్రంథాలయమున భద్రపరచుటకు ఏ లైసెన్సును అక్కరలేదు. పుస్తకపు బీరువా ప్రక్కన గొంతుల బీరువా యొకటి యుండవలెను. వారమున కొకనాడు ప్రొద్దుట పఠనమందిరమున వానిని వినిపించి, అంబాజీపేట కొబ్బరి ధర, కాలువకు నీరు వదలు తేదీ, గ్రామసభ జరుగు దినము కలిపి చదివినచో ప్రభాతప్రసార మప్పుడే మొదలైనట్లు. వాణి గాలిలో పోవుట తరువాతి సంగతి.

1935లో కృష్ణాడెల్టాలో పాతూరి నాగభూషణము గారి పూనికతో పడవపై గ్రంథాలయము కాలువవెంట ఊరూర తిరిగినది. చదువరి పుస్తకమువద్దకు రాలేనిచో పుస్తకమే పడవ నెక్కవలెనని నాటివారు నిశ్చయించిరి. నీటిపై నడచిన గ్రంథాలయమునకు గాలిపై నడచుట యేమంత కష్టము? పురాణములందలి ఆకాశవాణికి బదులు పలికినవాడు లేడు. భూవాణి యనునది పుట్టినపుడు ఆ కొరత తీరును. రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయము తన స్వర్ణోత్సవమునాటికి ఊరి చదువునకే గాక ఊరి పలుకునకును నిలయమగుగాక!